రోకలి పోటుకు ముల్లు ఎగరకుండా

మా అమ్మ కింద వంటింట్లో ఊరుబిండి పచ్చడి దంచుతుంటే, పైగదిలో నా రికార్డు ప్లేయర్ ముల్లు ఎగిరిపడేది. అదీ వీణ ఆలాపన సన్నగా సాగుతున్న చోటే. స్పీకర్లో ధబ్ ధబ్‌మని రోకలి వినిపించేది, మూడో పోటుకో నాలుగో పోటుకో ముల్లు రెండు వరుసలు దాటి అవతల పడేది. దంచొద్దని అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు. పైగా మిక్సీలో తిప్పిన ఊరుబిండి నాకూ గొంతు దిగదు. కాబట్టి ప్లేయర్‌నే దారికి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఏడాదిన్నర పట్టింది. అందులో ఏడాది నా తప్పుడు నమ్మకాలకే పోయింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నాను.

నాది కడపలో మోటారు వైండింగ్ షాపు. బోరు మోటార్లు, గ్రైండర్లు, కూలర్లు, అన్నీ అదిరే సామానే. మోటారు అదిరితే బోల్టులు బిగిస్తాం, బేరింగ్ మారుస్తాం. ఇక్కడ కథ తిరగబడింది. అదిరేది ఇల్లు, అదరకూడనిది ప్లేయర్. బిగించేకొద్దీ ఇంటి అదురంతా నేరుగా దాంట్లోకే పోతుంది. ఈ ఒక్క సంగతి నా బుర్రకెక్కడానికే చాలా రోజులు పట్టింది.

ఇల్లు గురించి చెప్పాలి, ఎందుకంటే మందు ఇంటిని బట్టి మారుతుంది. మాది పాత బండల మిద్దె. రెండడుగుల మందం రాతి గోడలు, వాటి మీద టేకు దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలు, ఆపైన సున్నం గచ్చు. ఆ మిద్దె మీద నాయన కట్టించిన గదిలో ప్లేయర్ ఉంటుంది. చెన్నైలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బెల్టు డ్రైవ్, బరువు అయిదున్నర కిలోలు. రికార్డులు నాయన పోగేసినవి: పద్యాలు, కీర్తనలు, హరికథలు, నాలుగు వీణ కచేరీలు. వీధిలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల స్పీడ్ బ్రేకర్ ఉంది. ఇసుక లారీ దాని మీద దూకిందంటే మా కిటికీ అద్దాలు పలుకుతాయి.

ఇంత చిన్న అదురుకు ముల్లు ఎందుకు బెదురుతుందని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రికార్డు గాడిలో సన్నటి స్వరాలకు ముల్లు కదిలేది మైక్రాన్‌లో ఒక భాగం. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అంత కదలికను పట్టుకుని స్పీకర్ నిండా వినిపించే పరికరానికి రోకలి పోటు భూకంపమే. అయితే రికార్డును తిప్పే ప్లేటూ, ముల్లు పట్టుకున్న చేయీ రెండూ కలిసి ఒకేలా ఊగితే ఏ శబ్దమూ రాదు. ఒకటి ఊగి ఇంకొకటి వెనకబడినప్పుడే గొడవ. 1961లో అమెరికాలో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) చేసిన ఎడ్గార్ విల్చర్ పట్టుకున్నది ఈ కిటుకునే. ప్లేటునూ చేతినీ ఒకే ఫ్రేమ్‌కు కట్టి, ఆ ఫ్రేమ్‌ను మూడు స్ప్రింగుల మీద నిలిపాడు. మోటారును మాత్రం దూరంగా పైపలకకు బిగించాడు. మనం ఇంట్లో చేసేది అదే పని, కాకపోతే ప్లేయర్ బయట.

ముందు రోగం పట్టుకోండి

షాపుకు మోటారు వస్తే విప్పే ముందు చెవి పెట్టి వింటాను. ఇదీ అంతే. ఎందుకూ పనికిరాని పాత రికార్డు ఒకటి ప్లేటు మీద పెట్టి, ప్లేటు తిప్పకుండా, ముల్లు దాని మీద దించండి. యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను సున్నా నుంచి మెల్లగా, మీరు మామూలుగా వినేంత వరకు పెంచండి. పెంచుతుంటే ఊఁ... అని లోతుగా ఒక మూలుగు మొదలై, దానంతటదే పెరుగుతోందా? వెంటనే తగ్గించండి, లేకపోతే స్పీకర్ కాయిల్ కాలుతుంది. స్పీకర్ అదురు నేల ద్వారా, గాలి ద్వారా ముల్లుకు చేరి, అక్కణ్ణుంచి మళ్లీ స్పీకర్‌కే పోయి గుండ్రంగా తిరుగుతోందన్నమాట. అది ఒక రకం రోగం.

మూలుగు లేకపోతే ప్లేయర్ పెట్టిన బల్లను వేలి కణుపుతో తట్టండి. తర్వాత నేలను. తర్వాత ఇంట్లో ఒకరిని గదిలో అటూ ఇటూ నడవమనండి. కింద మిక్సీ వేయించండి, వాషింగ్ మెషీన్ తిప్పించండి. దేనికి ఎంత శబ్దం వస్తోందో కాగితం మీద రాసుకోండి. నేను రాసుకోకుండా గుర్తుంటుందిలే అనుకుని రెండుసార్లు మొదటికొచ్చాను.

ఇంకొక పరీక్ష కూడా ఇక్కడే చేసేయండి. బెల్టు తీసేసి, ప్లేటు కదలకుండా ముల్లు ఆ పాత రికార్డు మీదే ఉంచి, మోటారు ఒక్కటే ఆన్ చేయండి. గుర్రుమని వినిపించి, ఆపితే పోతోందంటే అది ప్లేయర్ లోపలి మోటారు అదురు. దానికి కింద ఎన్ని బండలు పేర్చినా, ఎంత రబ్బరు వేసినా లాభం లేదు. మోటారు కింది రబ్బరు గ్రోమెట్లు గట్టిపడి ఉంటాయి, అవి మార్చాలి. నాకు తెలిసిన ఒకాయన దిగుమతి ప్యాడ్లకు బోలెడు డబ్బు పోశాక ఈ పరీక్ష చేశాడు.

నడకకు నేల ఊగుతోందో లేదో చూడడానికి ఒక వెడల్పాటి స్టీలు గిన్నెలో నీళ్లు పోసి ప్లేయర్ పెట్టే చోట పెట్టండి. దీపం వెలుతురు నీళ్ల మీద పడేలా చూసుకుంటే నడిచినప్పుడల్లా అలలు కనిపిస్తాయి. ఫోన్ అలవాటున్నవాళ్లు ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకోవచ్చు. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లది. ఫోన్‌ను బల్ల మీద పడుకోబెడితే అదురును సెకనుకు ఎన్ని ఊపులో విడగొట్టి గ్రాఫ్ గీస్తుంది. మా పైగది నేల సెకనుకు ఎనిమిది తొమ్మిది ఊపుల దగ్గర గట్టిగా స్పందిస్తోందని అట్లా తెలిసింది. ఆ అంకె ఎంత చెడ్డదో కాసేపట్లో చెప్తాను.

బండ ఒక్కటే చాలదు

కడపలో పుట్టినవాడికి ఏ సమస్య వచ్చినా ముందు బండే గుర్తొస్తుంది. దేశమంతా వంటింటి గట్లకు కడప్పా అని పిలిచి వేసుకునే నల్ల సున్నపురాయి మాదే మరి. తెలిసిన పాలిష్ యూనిట్‌లో 45 సెంటీమీటర్లు బై 40, 2 సెంటీమీటర్ల మందం ముక్క ఒకటి తెచ్చాను. దాదాపు పది కిలోలు. ముక్క బండ కదా, డబ్బు కూడా తీసుకోలేదు. బల్ల మీద పెట్టి, దాని మీద ప్లేయర్ పెట్టి, ఇక రోకలి ఏం చేస్తుందో చూద్దామని కూర్చున్నాను. రోకలి ఎప్పటిలాగే చేసింది.

పైగా కొత్త రోగం ఒకటి. కడప బండను వేలితో కొట్టి చూడండి, గంటలా మోగుతుంది. ఆ మోత స్పీకర్ శబ్దంలో కలిసి వీణకు రేకు డబ్బా గొంతు వచ్చింది. బండకూ ప్లేయర్‌కూ మధ్య 3 మిల్లీమీటర్ల ఫెల్ట్ గుడ్డ వేస్తే అది తగ్గింది. అదురు మాత్రం తగ్గలేదు. నేల మీద గట్టిగా కూర్చున్న బండ నేలతోపాటే ఊగుతుంది. బరువు పని చేయాలంటే దాని కింద మెత్తదనం ఉండాలి. ఆ మెత్తదనానికి లెక్క ఉంది.

బరువు పెట్టినప్పుడు కింది రబ్బరో స్ప్రింగో ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలవండి. ఆ అంకె వర్గమూలంతో 15.8ని భాగించండి. సెకనుకు అన్నిసార్లు ఊగే స్వభావం ఆ ఏర్పాటుకు ఉంటుంది. 1 మిల్లీమీటర్ దిగితే దాదాపు 16. నాలుగు దిగితే 8. పది దిగితే 5. ఇరవై దిగితే మూడున్నర. ఈ సహజ ఊపుకు దాదాపు ఒకటిన్నర రెట్లు పైన ఉన్న అదురును మాత్రమే అది ఆపగలదు. దానికి కింద ఉన్నదాన్ని ఆపదు. సరిగ్గా ఆ అంకె దగ్గర వచ్చిన అదురును ఆపకపోగా పెంచుతుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఎట్లా పైకి లేస్తుందో అట్లా.

ఇప్పుడు బజారులో దొరికే రబ్బరు మ్యాట్ సంగతి చూడండి. దాని మీద ప్లేయర్ పెడితే మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా దిగదు. అంటే 27, 28 పైమాటే. రోకలికీ నడకకూ అది ఉన్నా లేనట్టే. రబ్బరు బంతులు సగానికి కోసి కింద పెట్టడం చాలామంది చెప్పే చిట్కా. నేనూ కోశాను. నాలుగు మిల్లీమీటర్లు దిగింది. లెక్క ప్రకారం 8, కానీ రబ్బరు కదలికలో ఇంకాస్త గట్టిగా ప్రవర్తిస్తుంది కాబట్టి తొమ్మిదో పదో అనుకోండి. ఇదే అన్నిటికంటే ప్రమాదమైన చోటు. ఎందుకో చెప్తాను.

టర్న్‌టేబుల్ చేతికి కూడా సొంత ఊపు ఉంటుంది. చేతి ప్రభావ బరువు (ఊగేటప్పుడు ముల్లు దగ్గర తెలిసే బరువు), కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా) బరువు, స్క్రూల బరువు గ్రాముల్లో కలపండి. దాన్ని కార్ట్రిడ్జ్ కంప్లయన్స్ అంకెతో, అంటే ముల్లు ఎంత సులువుగా ఊగుతుందో చెప్పే అంకెతో, గుణించి వర్గమూలం తీయండి. 159ని దాంతో భాగించండి. నాది మొత్తం 19 గ్రాములు, కంప్లయన్స్ 15. గుణిస్తే 285, వర్గమూలం దాదాపు 17, భాగిస్తే 9.4 వచ్చింది. చాలా ప్లేయర్లకు ఇది 8కీ 12కీ మధ్య ఉండేలా చూసుకుంటారు, ఉండాల్సిందీ అక్కడే. (కార్ట్రిడ్జ్ కాగితం మీద కంప్లయన్స్ 100 హెర్ట్జ్ (సెకనుకు 100 ఊపులు) దగ్గర కొలిచినది అని ఉంటే ఆ అంకెను ఒకటిన్నర నుంచి రెండింతలు చేసి లెక్కేయండి. జపాన్ కంపెనీల్లో ఇది ఎక్కువ.) అంటే నా నేల ఊపు తొమ్మిది, నా బంతుల ఊపు తొమ్మిది, నా చేతి ఊపు తొమ్మిది. ముగ్గురు దొంగలూ ఒకే ఊరివాళ్లు. బంతులు పెట్టిన రోజు రోకలి అక్కర్లేకుండానే ముల్లు ఎగిరింది.

స్కూటర్ ట్యూబు

కావాల్సింది మూడుకూ అయిదుకూ మధ్య ఊపు. చేతి ఊపుకు బాగా కింద ఉండాలి, రికార్డు తిరిగే వేగానికి బాగా పైన ఉండాలి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు, అంటే సెకనుకు సగం చుట్టు పైచిలుకు. అక్కడ మనకు ఇబ్బంది లేదు. స్ప్రింగులతో చేయాలంటే, ప్లేయర్, బండ కలిపి 15 కిలోలు అనుకుంటే, నాలుగు స్ప్రింగులు ఒక్కోటి పావు తక్కువ నాలుగు కిలోలకు 20 మిల్లీమీటర్లు దిగేవి కావాలి. బైకు క్లచ్ స్ప్రింగులు తెచ్చి చూశాను, ఇనుప దిమ్మెల్లా ఉన్నాయి, కదల్లేదు. కొలతకు చేయించుకోవచ్చు గానీ అంతకంటే సులువైనది పంక్చర్ షాపులో ఉంది.

పాత గేరు స్కూటర్ల 3.50-10 సైజు ట్యూబు అడగండి. కొత్తదే కొనండి, ప్యాచ్ వేసినది వద్దు. వలయం బయటి కొలత సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది, బండకు సరిగ్గా సరిపోతుంది. బల్ల మీద ట్యూబు, దాని మీద బండ, బండ మీద ఫెల్ట్, ఫెల్ట్ మీద ప్లేయర్. వాల్వు ముందువైపుకు, చేతికి అందేలా ఉంచండి. నేను మొదటిసారి వాల్వును గోడవైపు పెట్టి, గాలి కొట్టడానికి మొత్తం విప్పాల్సి వచ్చింది.

గాలి సంగతిలోనే అందరూ తప్పు చేస్తారు. పదిహేను కిలోలు అంత వెడల్పు వలయం మీద పంచుకుంటే గేజీ ముల్లు కూడా కదలనంత తక్కువ గాలి చాలు. ముందు ప్లేయర్ లేకుండా, బండ మాత్రం ట్యూబు మీద పెట్టి, సైకిల్ పంపుతో ఒక్కో పోటూ కొడుతూ చూడండి. తర్వాత ప్లేయర్ బరువుకు సరిపడా పుస్తకాలో పప్పు డబ్బాలో పెట్టి సరిచేసుకోండి. బండ బల్ల నుంచి రెండు మూడు సెంటీమీటర్లు లేస్తే ఆపండి. గట్టిగా కొడితే ట్యూబు బిగుసుకుని బంతిలా తయారవుతుంది, మళ్లీ పాత కథ. బండ అంచును వేలితో కొంచెం నొక్కి వదలండి, ఊగడాన్ని ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి అయిదు సెకన్లలో ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. నాకు 17, 18 వచ్చింది, అంటే మూడున్నర.

తర్వాత మట్టం. బేల్దారి రసమట్టం చిన్నది ఒకటి దొరుకుతుంది, దాన్ని ప్లేటు మీద నిలువుగా, అడ్డంగా పెట్టి చూడండి. మోటారు ఉన్న వైపు బరువు ఎక్కువ కాబట్టి అటు వాలుతుంది. కింద చెక్క ముక్కలు దోపొద్దు. ప్లేయర్‌నే బండ మీద అటూ ఇటూ జరిపితే మట్టానికి వస్తుంది. యాంప్లిఫయర్‌కు పోయే తీగ బిగుతుగా ఉందేమో చూడండి. బిగుసుకున్న తీగ నేల నుంచి ప్లేయర్‌కు వంతెన కట్టినట్టే. వదులుగా ఒక చుట్ట వేలాడనివ్వండి.

మూడున్నర ఊపు ఉన్న ఏర్పాటు, పది దగ్గర వచ్చే అదురును లెక్క ప్రకారం ఏడో వంతుకు తగ్గించాలి. రోకలి పోయింది. లారీ పోయింది. స్పీకర్ మూలుగు కూడా పోయింది. నేను ఆ రోజు షాపు కూడా తెరవలేదు.

సాయంత్రం మా ఆవిడ కాఫీ తెచ్చింది. ఆమె నాలుగు అడుగులు వేసేసరికి బండ నీళ్లలో తెప్పలా ఊగడం మొదలుపెట్టింది. పాట సాగింది, లాగింది, ముల్లు జారింది.

లెక్క చూసుకుంటే తప్పంతా నాదే. మనిషి నడక సెకనుకు సుమారు రెండు అడుగులు. రెండు దగ్గర నా ట్యూబు ఏమీ ఆపదు, దాదాపు ఒకటిన్నర రెట్లు పెంచుతుంది. నడకలో నాలుగు దగ్గర కూడా ఊపు ఉంటుంది, అది సరిగ్గా ట్యూబు సొంత ఊపు పక్కనే. ఊగే నేల మీద మెత్తటి పరుపు వేస్తే నడక ఇంకా ఎక్కువ తెలుస్తుంది. దీనికి ట్యూబు మార్చి లాభం లేదు, ప్లేయర్‌ను నేల మీద నుంచే తీసేయాలి.

నడిస్తే మిద్దె ఊగుతుంది గానీ రెండడుగుల రాతి గోడ ఊగదు కదా. మామూలుగా అందరూ ఇనుప యాంగిళ్లు గోడకు బిగించి షెల్ఫ్ వేస్తారు. ఇటుక గోడకు, కాంక్రీటుకు అదే సరైనది, యాంకర్ బోల్టులు కనీసం నాలుగు, బరువు మోసే గోడకే. సన్నటి అడ్డుగోడకు బిగిస్తే అదే ఒక డప్పు. కానీ మట్టితో కట్టిన రాతి గోడలో బోల్టు పట్టదు, గిర్రున తిరుగుతుంది. నేను డ్రిల్లు పట్టుకుని తంటాలు పడుతుంటే, ఇల్లు మరమ్మతుకు వచ్చిన బేల్దారి మేస్త్రీ గోడలో ఉన్న పెద్ద గూడు చూపించాడు. మా జేజి ఇత్తడి బిందెలు పేర్చుకున్న గూడు. వెడల్పు రెండడుగులు, లోతు అడుగు. "ఇది పెట్టుకుని మేకులు కొడతావేంది అబ్బీ" అన్నాడు.

గూటి కింది అంచులో, రెండు పక్కల గోడల్లోకి దాదాపు ఏడేసి సెంటీమీటర్లు పోయేలా రాళ్లు తొలిచి, 75 బై 45 సెంటీమీటర్లు, 4 సెంటీమీటర్ల మందం బండ ఒకటి దూర్చాడు. ముప్పై ఆరు కిలోల పైమాట, ఇద్దరం మోశాం. సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు పాళ్లు. ముందుకు ఆరంగుళాలు పొడుచుకొచ్చింది, మూడు వైపులా గోడలో కూర్చుంది. వారం రోజులు తడి గోనె కప్పి ఉంచాడు, అప్పటిదాకా ప్లేయర్ పెట్టనివ్వలేదు. మీరు చేయిస్తే పైన దర్వాజా చెక్కో పైబండో ఏది బరువు మోస్తోందో చూసుకున్నాకే రాళ్లు కదపమనండి. ఇది సొంతంగా సుత్తి పట్టుకునే పని కాదు.

గూటి బండ మీద నేరుగా ప్లేయర్ పెడితే నడక మాయమైంది, రోకలి తిరిగొచ్చింది. రోలు ఆ గోడ మొదట్లోనే ఉంది కదా, పోటు గోడెక్కి వస్తోంది. అప్పుడు పాత ట్యూబు, పాత బండ తెచ్చి గూటి బండ మీద పెట్టాను. నడకను గోడ ఆపింది, గోడెక్కే పోటును ట్యూబు ఆపింది.

మీ ఇల్లు నేల మీద నేరుగా కాంక్రీటు వేసినదైతే ఈ గోడ గొడవ అక్కర్లేదు, నడక పెద్దగా తెలియదు. ట్యూబో స్ప్రింగులో చాలు. అపార్ట్‌మెంట్ స్లాబు అయితే నీళ్ల గిన్నె పరీక్ష చేసి నిర్ణయించుకోండి. మీ ప్లేయర్ లోపలే స్ప్రింగులు ఉన్న రకమైతే ట్యూబు వద్దే వద్దు. రెండు ఉయ్యాలలు ఒకదాని మీద ఒకటి కట్టినట్టు అవుతుంది. దానికి తేలికపాటి గట్టి చెక్క పలక, గోడ షెల్ఫ్ చాలు. స్పీకర్లు, ప్లేయర్ ఒకే బల్ల మీద ఎప్పుడూ పెట్టకండి. గది మూలలో కూడా పెట్టకండి, లోతు శబ్దాలు మూలల్లోనే పోగవుతాయి. పాట వింటున్నప్పుడు పైమూత తీసి పక్కన పెట్టండి, తెరిచి నిలబెట్టిన మూత స్పీకర్ గాలికి తెరచాపలా ఊగుతుంది.

ట్యూబు మీద ఉన్న ప్లేయర్‌ను చేత్తో తాకితే ఊగుతుంది కాబట్టి ముల్లు దించడానికి లీవరే వాడండి. రెండు మూడు వారాలకోసారి మట్టం చూడండి. మా ఊరి ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున సమంగా ఉన్న బండ మధ్యాహ్నానికి వేడి గాలికి పైకి లేస్తుంది. అందుకే వేసవిలో నేను సాయంత్రం చూసి సరిచేస్తాను. రబ్బరు పగుళ్లిస్తే మార్చేయండి.

ఒకటి మాత్రం ఇంకా లొంగలేదు. గూటి పక్కనే గది తలుపు ఉంది. పిల్లలు దాన్ని ధడాలున వేస్తే గోడంతా అదిరి ముల్లు ఇప్పటికీ ఎగురుతుంది. ప్రస్తుతానికి దర్వాజాకు రెండు రబ్బరు బుడిపెలు కొట్టాను, పాట పెట్టే ముందు గొళ్లెం వేసుకుంటున్నాను.